చట్టాలు ఇన్ని ఉన్నా మా చెరువు ఎందుకు పాడైంది? పబ్లిక్ హియరింగ్‌కు వెళ్లాక నాకు అర్థమైంది

"మన దేశంలో పర్యావరణ చట్టాలకు కొదవ లేదు, ప్రతి రాష్ట్రానికీ పొల్యూషన్ బోర్డు ఉంది, పర్యావరణ కేసులు వినే గ్రీన్ ట్రిబ్యునల్ ఉంది. అయినా నీళ్లూ గాలీ ఇలా ఎందుకున్నాయి? తప్పు చట్టాలదా, అధికారులదా, జనానిదా?" అని ఒకరు అడిగారు.

నాకు అర్థమైనంతలో అసలు చిక్కంతా కాగితం దగ్గరుంది. ఫ్యాక్టరీకి అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది కాగితం చూసే తేలుస్తారు. ఆ కాగితం రాసేవాళ్లకు డబ్బులిచ్చేది ఫ్యాక్టరీ, చదివేవాళ్లు ఢిల్లీలో ఉంటారు, ఆ నీళ్లు తాగేది మాత్రం మేము. మేం చెప్పింది ఆ కాగితంలోకి ఎక్కకపోతే చెప్పనట్టే లెక్క. ఈ మాట నేను చదివి చెప్పడం లేదు, పదేళ్లుగా తిరిగి తిరిగి తెలుసుకున్నది, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను.

మాది తెలంగాణలో ఒక పల్లె. ఊరికి కిలోమీటరు లోపే మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది. ఊరి పేరు, కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు, ఎందుకంటే ఇప్పటికీ ఊళ్లో సగం ఇళ్ల నుంచి కాంట్రాక్టు కూలీలుగా అక్కడికే పోతారు, మా చిన్నాన్న కొడుకు కూడా అక్కడే హెల్పర్. నా రాత వాళ్ల కూటికి అడ్డం రాకూడదు. ఫ్యాక్టరీకీ ఊరికీ మధ్యలో చెరువు ఉంటుంది. మా నాన్నకు ఆ చెరువు తూము కింద రెండెకరాలు.

2016 జూన్‌లో, ఆ ఏడాది మొదటి పెద్ద వాన పడ్డ రాత్రి తెల్లారేసరికి చేపలు తేలాయి. చేపల సొసైటీ వాళ్లు గట్టు మీద కూర్చుని ఏడ్చారు. నీళ్ల మీద నురగ, పెయింటు డబ్బా మూత తీసినట్టు ఘాటు వాసన. ఫ్యాక్టరీల పక్కన ఉండేవాళ్లకు ఇది కొత్త కాదు, వాన ఎప్పుడు పడుతుందా అని చూసి ఆ వరదలో వ్యర్థజలం వదిలేస్తారని మా దగ్గర చిన్న పిల్లలు కూడా చెబుతారు. పొద్దున్నే పొల్యూషన్ బోర్డుకు ఫోన్ చేశాను. అధికారులు మూడో రోజున వచ్చారు. ఆలోపు ఇంకో రెండు వానలు పడ్డాయి, చెరువు నిండి అలుగు పోస్తోంది. ఆ నీళ్లే సీసాల్లో పట్టుకెళ్లారు. నెలన్నర తర్వాత ఒక్క లైనులో జవాబు వచ్చింది: నమూనాలు నిర్దేశిత పరిమితుల్లోనే ఉన్నాయి.

ఆ అధికారి మీద అప్పుడు చాలా కోపం వచ్చింది. తర్వాత ఆయనతో రెండు మూడు సార్లు మాట్లాడాక కొంత తగ్గింది. "మాకున్నది ఒక్క బండి, సగం సీట్లు ఖాళీ, ఫిర్యాదు వచ్చిన గంటలో రావాలంటే ఎలా చెప్పండి" అన్నాడు. సాకు చెబుతున్నాడనుకున్నాను, కానీ దేశంలోని రాష్ట్ర పొల్యూషన్ బోర్డులన్నీ కలిపి చూస్తే మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీ అని ఆ తర్వాత గ్రీన్ ట్రిబ్యునల్ ముందుకొచ్చిన లెక్కలే చెప్పాయి. నీటి చట్టం 1974లో వచ్చింది, గాలి చట్టం 1981లో. భోపాల్ దుర్ఘటన జరిగాక 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. అర్ధ శతాబ్దంగా చట్టాలు చేస్తూనే ఉన్నాం, వాటిని పట్టుకుని ఫీల్డులోకి దిగే మనుషులను మాత్రం పెట్టలేదు.

"పరిమితుల్లోనే ఉంది" అన్న మాట గురించి కొంచెం చెప్పాలి, చాలామంది ఇక్కడే మోసపోతారు. పరీక్ష చేసేది జాబితాలో ఉన్నవాటికే. పీహెచ్ (నీళ్ల ఆమ్లత్వం), సీఓడీ (రసాయన కాలుష్యం కొలత), టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) లాంటివి చూస్తారు. మందుల ఫ్యాక్టరీ నీళ్లలో అసలు భయపడాల్సింది యాంటీబయాటిక్ అవశేషాలకు, వాటికి పరిమితే లేదు. పటాన్‌చెరు దగ్గర ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు అచ్చేశారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 వేల మైక్రోగ్రాముల దాకా ఉంది, అది కూడా శుద్ధి చేశాక వదిలిన నీళ్లలో! అలాంటి నీళ్లలో బతికిన బ్యాక్టీరియాకు మందులు పనిచేయడం మానేస్తాయి, అది ఒక్క ఊరితో ఆగే విషయం కాదు. 2020 జనవరిలో కేంద్రం యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ ముసాయిదా తెచ్చింది, మాకు ఎంత సంతోషమైందో. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ భాగం లేదు. కాబట్టి మీకు కూడా "పరిమితుల్లోనే" అని జవాబు వస్తే, వేటికి పరీక్ష చేశారు, ఏ రోజు ఏ గంటకు నమూనా తీశారు అని అడగండి.

ఇక పబ్లిక్ హియరింగ్. 2018లో ఆ ఫ్యాక్టరీ విస్తరణకు దరఖాస్తు పెట్టుకుంది. 2006 సెప్టెంబర్ 14న వచ్చిన ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి ప్రాజెక్టుకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి, కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన ఇవ్వాలి. ఇచ్చారు. మా ఊరికి వచ్చేవి రెండు తెలుగు పేపర్లు, ప్రకటన పడింది ఆ రెండింట్లోనూ కాదు. మా బావ జిల్లా కేంద్రంలో టీ తాగుతూ పేపరు తిరగేస్తే కంటబడింది, లేకపోతే షామియానా వేసిన రోజే తెలిసేది.

విస్తరణతో చుట్టుపక్కల ఏమవుతుందో చెప్పే ఈఐఏ రిపోర్టు చూద్దామని కలెక్టరేట్‌కు వెళ్లాం. తెలుగులో ఉన్నది పాతిక పేజీల సారాంశం, అసలు రిపోర్టు వందల పేజీల ఇంగ్లీషు. ఇంటికి ఇవ్వం, ఇక్కడే చదువుకోండి అన్నారు. నేనూ బావా నాలుగు రోజులు బల్ల దగ్గర కూర్చుని రాసుకున్నాం. మూడో రోజున బావ నన్ను మోచేత్తో పొడిచి మ్యాపు చూపించాడు. ఫ్యాక్టరీ చుట్టూ పది కిలోమీటర్ల మ్యాపు, రోడ్లు ఉన్నాయి, రైల్వే లైను ఉంది, మా చెరువు లేదు. దగ్గరలో ఉన్న నీటి వనరు మూడున్నర కిలోమీటర్ల దూరంలో ఉందని రాశారు. మా తాతల కాలం నుంచి ఆయకట్టు పారుతున్న చెరువు అది, రెవెన్యూ రికార్డుల్లో సర్వే నంబరు ఉంది. ఆ రోజు నాకు నిజంగా కడుపులో తిప్పినట్టయింది.

ఆ రిపోర్టు రాసేది గుర్తింపు ఉన్న కన్సల్టెంట్ సంస్థే, కానీ దాన్ని ఎంచుకునేదీ ఫీజు కట్టేదీ అనుమతి కోరే కంపెనీ. పరీక్ష రాసేవాడే పేపరు దిద్దేవాడికి జీతమిస్తే మార్కులు ఎలా పడతాయి? దేశం మొత్తం మీద ఇదే పద్ధతి. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో ఏం జరిగిందో గుర్తుండే ఉంటుంది. అక్కడి బీల భూములు చుట్టుపక్కల రైతులకూ జాలరులకూ బతుకుదెరువు, అలాంటి తడినేలలో థర్మల్ పవర్ ప్లాంటుకు అనుమతి వచ్చేసింది. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఆ వెంటనే అప్పట్లో ఉన్న జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. ఆ నేల తడినేల అని ఊళ్లోవాళ్లు మొదటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు.

హియరింగ్ రోజు. పొద్దున పదకొండింటికి అని ప్రకటన. మేం పదింటికి వెళ్లేసరికే ముందు వరుసలన్నీ నిండిపోయాయి, కంపెనీ బస్సుల్లో తీసుకొచ్చిన మనుషులు. వాళ్లను నేను తప్పుపట్టను, అందులో మా ఊరివాళ్లే సగం. ఒకాయన మైకు తీసుకుని "ఈ ఫ్యాక్టరీ లేకపోతే మా పిల్లలు దుబాయ్ పోవాలి" అన్నాడు, అది అబద్ధం కాదు. అందుకే ఫ్యాక్టరీ మూసేయమని మేం ఏ రోజూ అడగలేదు, నీళ్లు లోపలే శుద్ధి చేసుకోండి, చుక్క బయటికి రానీయకండి అనే అడిగాం. ఈ తేడా చెప్పేలోపే మమ్మల్ని అభివృద్ధికి అడ్డం అనేశారు. ఒకే ఇంట్లో అన్నదమ్ములు అటొకరు ఇటొకరు కూర్చున్న రోజు అది. చెరువు కన్నా ఎక్కువగా అదే ఇప్పటికీ బాధపెడుతుంది నన్ను.

మధ్యాహ్నం దాటాక మా వీధి పెద్దవ్వ ఒకావిడ లేచింది. చదువు లేదు, మైకు ఎప్పుడూ పట్టుకోలేదు. "సారూ, నాకు పదకొండు మ్యాకలుండె. అలుగు కాడ నీళ్లు తాగి రెండ్రోజుల్ల ఏడు సచ్చినయ్. డాక్టరు కోసి సూసి కడుపుల మంట అన్నడు. ఆ నీళ్లే మా బోర్లల్లకొస్తున్నయ్. మీరు గా నీళ్లు ఒక్క గిలాస తాగి పర్మిషన్ ఇయ్యుండ్రి" అంది. షామియానా మొత్తం గప్‌చుప్. ముందు వరుసల్లోని కూలీలు కూడా చప్పట్లు కొట్టారు.

సాయంత్రం నాలుగున్నరకు అయిపోయిందన్నారు, అధికారులు లేచారు. అప్పుడు బావ జేబులోంచి నోటిఫికేషన్ ప్రింటు తీశాడు. హియరింగ్ చివర్లో మినిట్స్ (ఎవరేం మాట్లాడారో రాసుకున్న కాగితం) స్థానిక భాషలో అందరికీ చదివి వినిపించాలి, ఆ తర్వాతే కలెక్టర్ గారో ఆయన తరఫున వచ్చినవారో సంతకం పెట్టాలి అని అందులో రాసి ఉంది. దాన్నే గట్టిగా చదివాడు. కాసేపు గొడవ, తర్వాత కూర్చున్నారు, చదివారు. పెద్దవ్వ మాట ఎలా రాశారో తెలుసా? "ఒక మహిళ నీటి సమస్యను ప్రస్తావించారు." అంతే. పదకొండు మేకలు లేవు, అలుగు లేదు, బోర్లు లేవు. మేం అక్కడే పట్టుబట్టి ఆవిడ మాటలు ఆవిడ మాటల్లోనే రాయించాం, చెరువు సర్వే నంబరు రాయించాం, రిపోర్టులో మ్యాపు తప్పని రాయించాం. నలభై మందిమి లిఖితపూర్వకంగా ఇచ్చిన అభ్యంతరాలకు ఒక్కోదానికి ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని రసీదు తీసుకున్నాం. దీనికి రాత్రి ఏడయింది, జనరేటర్ లైటు కింద.

ఆ రెండున్నర గంటలే మా పదేళ్ల తిరుగుడులో పనికొచ్చినవి. ఢిల్లీలో నిపుణుల కమిటీ ముందుకు ఫైలు వెళ్లినప్పుడు వాళ్లు కంపెనీని అడిగిన మొదటి ప్రశ్న, మినిట్స్‌లో ఉన్న చెరువు మీ రిపోర్టులో ఎందుకు లేదు అని. కొత్త మ్యాపు గీయించారు. చివరికి అనుమతి వచ్చింది, కానీ షరతులతో వచ్చింది: వ్యర్థజలం చుక్క కూడా బయటికి వదలకూడదు, మా ఊళ్లో పరిశీలన బోరు వేసి భూగర్భజలం పరీక్షలు చేయించాలి. మేం అప్పుడు ఓడిపోయామనే అనుకున్నాం. ఆ షరతులు ఎంత పనికొస్తాయో రెండేళ్ల తర్వాత తెలిసింది.

షరతులు ఎలా అమలవుతున్నాయో ఏటా జూన్ 1కి, డిసెంబర్ 1కి కంపెనీ నివేదిక ఇవ్వాలి. అవి చదివాం. మా ఊరి బోరు నీళ్లు ప్రతిసారీ శుభ్రంగా ఉన్నట్టు అంకెలు, అదే సమయంలో ఊళ్లో మేం టీ పెట్టుకుంటే పాలు విరిగిపోతున్నాయి. సమాచార హక్కు కింద ఆ బోరు ఎక్కడుందో చెప్పమని అడిగాం. 30 రోజుల్లో రావాల్సిన జవాబు రాలేదు, మొదటి అప్పీలు, అదీ అంతే, 2022 చివర్లో రెండో అప్పీలు కమిషన్‌కు పెట్టుకున్నాం. 2023 ఫిబ్రవరి నుంచి తెలంగాణ సమాచార కమిషన్‌లో కమిషనర్లే లేరు. 2025 మేలో కొత్తవాళ్లను నియమించేదాకా రెండేళ్లకు పైగా మా అప్పీలు అలాగే పడి ఉంది. పాలనా లోపం అంటే లంచాలు, ఒత్తిళ్లు అనే అనుకుంటాం, ఒక ఖాళీ కుర్చీ కూడా అంతే పని చేస్తుంది. చివరికి జవాబు వచ్చింది. మా ఊరి బోరు అని రాస్తున్నది ఫ్యాక్టరీ ప్రహరీ లోపల, ఎగువన ఉన్న బోరు.

ఇక చట్టాలు ఎటు పోతున్నాయో కూడా చెప్పాలి, ప్రశ్నలో అదీ ఉంది కాబట్టి. 2020 మార్చి 27న, కరోనా లాక్‌డౌన్ మొదలైన మూడో రోజున, మందుల ముడిసరుకు ప్రాజెక్టులకు తాత్కాలికంగా పబ్లిక్ హియరింగ్ అవసరం లేకుండా కేటగిరీ మార్చారు, ఆ గడువు తర్వాత పొడిగించారు కూడా. మా హియరింగ్ రెండేళ్లు ఆలస్యమై ఉంటే పెద్దవ్వ మాట ఎక్కడా ఉండేది కాదు. అదే ఏడాది కొత్త ఈఐఏ ముసాయిదా ఇంగ్లీషు, హిందీల్లో పెట్టి అభిప్రాయాలు చెప్పమంటే, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషలన్నింటిలోకీ అనువదించాలని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2023 జన్ విశ్వాస్ చట్టంతో పర్యావరణ, గాలి చట్టాల్లో చాలా నేరాలకు జైలు శిక్ష తీసేసి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టారు, 2024లో నీటి చట్టానికీ అలాగే చేశారు. జైలు తీసేసినందుకు నాకు పెద్ద బాధ లేదు, మా చుట్టుపక్కల ఈ చట్టాల కింద జైలుకు పోయినవాళ్లను నేను చూడలేదు. నా బాధ 15 లక్షల గురించి. ఆ స్థాయి ఫ్యాక్టరీకి అదొక ఖర్చు పద్దు, శుద్ధి ప్లాంటు సరిగ్గా నడపడం కన్నా జరిమానా కట్టడం చవకైతే ఎవరు నడుపుతారు?

అనుమతి లేకుండా కట్టేసి తర్వాత అనుమతి తెచ్చుకునే పద్ధతి చెల్లదని 2025 మే 16న సుప్రీంకోర్టు తీర్పు ఇస్తే మేం ఊళ్లో మిఠాయిలు పంచుకున్నాం. నవంబర్ 18న ఇద్దరు ఒకవైపు, ఒకరు మరోవైపుగా ముగ్గురు జడ్జిల బెంచ్ ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. ఇప్పటికే కట్టినవి కూల్చేస్తే వేల కోట్ల ప్రజాధనం వృథా అన్నది మెజారిటీ వాదన. అందులో న్యాయం లేదనను, ఆసుపత్రులూ ఎయిర్‌పోర్టులూ కూడా ఉన్నాయి అందులో. కానీ ముందే అడిగి ఉంటే కూల్చాల్సిన అవసరమే వచ్చేది కాదు కదా.

జనం తప్పు లేదా అని అడిగారు. ఉంది, మాది కూడా. మొదటి రెండేళ్లు మేం రోడ్డు మీద ధర్నాలు చేశాం, టీవీ వాళ్లను పిలిచాం, ఎమ్మెల్యే గారి దగ్గరికి వెళ్లాం, ఒక్క కాగితం మీద తేదీ వేయించుకోలేదు. ఆ రెండేళ్లలో ఎన్నిసార్లు వాసన వచ్చిందో, ఎన్నిసార్లు చేపలు చచ్చాయో ఇప్పుడు రుజువు చేయలేం. గ్రీన్ ట్రిబ్యునల్‌లో వివాదం వేయడానికి మామూలు గడువు ఆరు నెలలు, అనుమతిని సవాలు చేయాలంటే 30 రోజులు, కారణం చూపిస్తే ఇంకో 60. నష్టపరిహారం అడగని దరఖాస్తుకు ఫీజు వెయ్యి రూపాయలే, మనకు చెన్నై బెంచ్. ఇవి మాకు గడువులు దాటాక తెలిశాయి. మీ దగ్గర ఇలాంటిది జరుగుతుంటే ఈ రోజు నుంచే ఒక నోట్‌బుక్ పెట్టి తేదీ, టైము, గాలి ఎటు వీస్తోంది, ఎవరికి ఫోన్ చేశారు అన్నీ రాయండి. కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చినా, పంచాయతీలో ఇచ్చినా నంబరు లేకుండా బయటికి రాకండి. గ్రామసభలో తీర్మానం చేయించండి, కార్యదర్శి వద్దన్నా పట్టుబట్టండి.

ఒక జాగ్రత్త. మీరు సొంతంగా సీసాలో పట్టిన నీళ్లు కోర్టులో సాక్ష్యంగా నిలబడవు. నీటి చట్టం సెక్షన్ 21 ప్రకారం బోర్డు అధికారే నోటీసిచ్చి, నమూనాను రెండు భాగాలు చేసి, సీలు వేసి పంపాలి. అయినా పట్టి ఉంచండి, ప్రైవేటు ల్యాబులో పరీక్ష చేయించి ఆ రిపోర్టు ఫిర్యాదుకు జత చేస్తే అధికారులు కదులుతారు, మా అనుభవం అదే.

ఇప్పుడు మా పరిస్థితి. సమాచార హక్కు కింద వచ్చిన ఆ కాగితంతో పోయిన ఏడాది మళ్లీ ఫిర్యాదు చేస్తే, చెరువు కట్ట దిగువన నిజంగా పరిశీలన బోరు వేశారు. రాత్రిళ్లు ట్యాంకర్ల రాకపోకలు తగ్గాయి, వాసన వారానికి ఒకటి రెండు రోజులే వస్తోంది, తాగే నీళ్లు ఇంకా బయటి నుంచే. నాన్న ఈ యాసంగికి తూము కింద అరెకరమే నాటు వేశాడు, మిగతాది పడావు. పెద్దవ్వ పోయిన శ్రావణంలో చనిపోయింది. కొత్త బోరు మొదటి పరీక్షకు బోర్డు వాళ్లు పంచాయతీ కార్యదర్శి ముందు సీలు వేసి నమూనా తీసుకెళ్లి ఐదు వారాలైంది. ఫలితం ఇంకా రాలేదు, సోమవారం ప్రజావాణికి బావా నేనూ వెళ్తున్నాం.